డిసెంబరు శనివారాలు

కోస్గి, మద్దూరు వైపు ఆదివారం ఆరాధన ఎటూ చర్చిలో ఉంటుంది. డిసెంబరు శనివారాలు మాత్రం వాడలవి. వారానికో ఊరు. టెంట్‌హౌజ్ కుర్చీలు కొన్ని, ఒక ఫోకస్ లైటు, డోలకు, మైకు, వేపచెట్టుకు కట్టిన కాగితం నక్షత్రం. వీటి మధ్య నిలబడి మాట్లాడేవాడు పాతికేళ్లు నిండీ నిండని సువార్తికుడు. బైబిలు కాలేజీ నుంచి బయటికొచ్చి ఎక్కువ కాలం కాలేదు. తాత వయసువాళ్లు ‘వందనాలు అయ్యగారూ’ అంటే ఇంకా ముడుచుకుపోతాడు.

ఈ నెల అతని వెంట కొన్ని ఊళ్లు తిరిగాను. నా ఆసక్తి భక్తి కంటే పనితనం మీద. క్రిస్మస్ ప్రసంగం మహా కష్టమైన పని. పశువుల తొట్టి, గొల్లలు, తూర్పు జ్ఞానులు... కథ వినేవాళ్లందరికీ తెలుసు. నాటకంలో వేషం కట్టిన పిల్లలకైతే కంఠతా వచ్చు. అదే కథ వారం వారం చెప్పాలి, జనం లేచిపోకూడదు. చాలామంది కుర్ర బోధకులు ఇక్కడ గొంతు పెంచుతారు, మైకులో ఎకో పెంచుతారు. పట్నంలో సెమీ క్రిస్మస్ పేరిట జరిగే సభల్లోనైతే ప్రసంగం కంటే కేకు కోసే నాయకుడి కోసం ఎదురుచూపే ఎక్కువ.

ఇతను కూటం రాత్రి ఏడింటికైతే మధ్యాహ్నం మూడింటికే ఊళ్లో దిగుతాడు. ఇల్లిల్లూ తిరుగుతాడు. ప్రార్థన చేస్తాడు కానీ, ముందు అడగాల్సినవి అడుగుతాడు. బొంబాయి నుంచి ఎవరొచ్చిండ్రు? మేస్త్రీ లెక్క తెంపిండా? పత్తి ఎంతకు పోయింది? ఒకింట్లో మనవడికి వారం నుంచి జ్వరం. పిల్లవాడి మెడలో సిలువ, దాని పక్కనే తాయెత్తు. అతను చూశాడు. తాయెత్తు మాట ఎత్తలేదు. రక్తపరీక్ష చేయించారా, కాగితం ఉందా అని అడిగి, ఆ కాగితాన్ని వెలుతురుకు పట్టుకొని చదివి, పొద్దున్నే కోస్గి దవాఖానాకు తీసుకుపొమ్మన్నాడు. ఆ తర్వాతే మోకరించాడు.

నాకు పాల్ హీబర్ట్ గుర్తొచ్చాడు. మిషనరీల ఇంట పుట్టి, తానూ ఇక్కడ మిషనరీగా పనిచేసి, మానవశాస్త్రవేత్త అయినవాడు. పాలమూరు ప్రాంతపు పల్లె మీద ఆయన రాసిన ‘కొండూరు’ 1971లో అచ్చయింది. 1982లో రాసిన ఒక వ్యాసంలో తనలాంటి మిషనరీల లోపాన్నే పట్టుకున్నాడు. చచ్చాక ఏమవుతామన్న ప్రశ్నకు మా దగ్గర జవాబుంది, జబ్బుకు మందుంది. కానీ ఈ జ్వరం నా బిడ్డకే ఎందుకొచ్చింది, ఎవరి దిష్టి తగిలింది అని అడిగే మనిషికి మేం చెప్పిందేమీ లేదు, అందుకే అతను మంత్రగాడి దగ్గరికి పోతాడు అన్నది ఆయన మాటల సారాంశం. ఆ తాయెత్తు ఎక్కడిదో ఇంతకంటే బాగా చెప్పినవాళ్లు నాకు కనబడలేదు.

శీతకాలంలో ఇలా ఊళ్లు తిరగడం ఇక్కడ పాత అలవాటే. అబ్రహాం ఫ్రీసెన్, మరియా దంపతులు 1889లో రష్యా సామ్రాజ్యం నుంచి, ఇవాళ్టి లెక్కన ఉక్రెయిన్ నుంచి వచ్చి, నల్లగొండలో మెన్నొనైట్ బ్రదరెన్ మిషన్ పని మొదలుపెట్టారు. జర్మన్ మాట్లాడే మనుషులు, పైన అమెరికన్ బాప్టిస్టుల అజమాయిషీ, ఏలిక నిజాం. తర్వాత అమెరికా మెన్నొనైట్లు నాగర్‌కర్నూలు, దేవరకొండ, వనపర్తి పట్టారు. మహబూబ్‌నగర్ 1937లో బాప్టిస్టుల నుంచి వాళ్ల చేతికొచ్చింది. ఎండలు తగ్గగానే బండ్ల మీద గుడారాలు వేసుకొని బయల్దేరేవాళ్లు. నివేదికల్లో పేర్లన్నీ దొరలవి, దొరసానులవి. వాడల్లో నోరు తెరిచి మాట్లాడింది మాత్రం ఎక్కువగా తెలుగు బోధకులు, బైబిలు స్త్రీలు. ఈ కుర్రవాడి వంశవృక్షం వెతికితే ఫ్రీసెన్ దగ్గరికి కాదు, పేరు ఎక్కని ఆ బోధకుల దగ్గరికి పోవాలి.

జ్వరం పిల్లవాడి ఊళ్లో ఆ రాత్రి అతను దేవదూతలతో మొదలుపెట్టలేదు. జనాభా లెక్కలతో మొదలుపెట్టాడు. రోమా చక్రవర్తి హుకుం, ఎవరి సొంతూరికి వాళ్లు పోయి పేరు రాయించుకోవాలి, యోసేపు నిండు చూలాలిని వెంటబెట్టుకొని బయల్దేరాడు. అంతవరకు చెప్పి ఆగాడు. వెనక నుంచి ఒక ఆడమనిషి అందుకుంది: “మేం గూడ గట్లనే వొచ్చినం గదయ్యా, కేసీఆర్ సర్వేకు!”

నవ్వులు. తర్వాత ఎవరి కథ వాళ్లు. 2014 ఆగస్టు 19. సమగ్ర కుటుంబ సర్వే. ఒక్క రోజులో రాష్ట్రమంతా లెక్క. ఆ రోజు ఇంట్లో లేకపోతే రేషన్ కార్డు పోతుందని, పింఛను పోతుందని భయం. ముంబై, భివండీ, పుణె నుంచి పాలమూరు కూలీలు దొరికిన బండి పట్టుకొని వచ్చారు. ఒకామె ఏడో నెలతో, బస్సులో సీటు దొరక్క, మెట్ల మీద కూర్చొని వచ్చిందట. ఆమె చెబుతుంటే అతను మైకు కిందికి దించి విన్నాడు. సత్రంలో చోటు లేని సంగతి విడమరచి చెప్పే పని అతనికి పడలేదు.

లెక్క అన్నాక కులం గడి, మతం గడి ఉంటాయి. అతను వాటి జోలికి పోలేదు, పోనవసరమూ లేదు. నేను పోతాను. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకే. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులకు ఇప్పటికీ లేదు. ఎస్సీల నుంచి క్రైస్తవులైనవాళ్లు మన దగ్గర బీసీ-సీ, రిజర్వేషన్ వాటా ఒక శాతం. వాడ అదే, పని అదే, ఊళ్లో ఎడం అదే. కాగితం మాత్రం వేరు. పిల్ల చదువుకు సర్టిఫికెట్ కావాల్సిన తల్లి ఆ గడిలో ఏం రాయించాలో ఏ ప్రసంగమూ చెప్పలేదు. 2027 జనగణనలో కులం కూడా అడుగుతారట. ఆ గడి ముందు ఈ వాడ మళ్లీ కూర్చోవాలి.

మరుసటి శనివారం వంతు గొల్లలది. కూటం జరిగే ఊళ్లో కురుమల ఇళ్లున్నాయి. అందుకని అతను మధ్యాహ్నమే చేలగట్టున ఒక పెద్దాయన దగ్గర చేరాడు. ఎరువు కోసం రైతు అడిగితే ఆయన చెలకలో మంద పెట్టాడు. చుట్టూ వల, మూలకో కుక్క, కప్పుకోవడానికి గొంగడి. సబ్సిడీ గొర్రెల ముచ్చటతో మొదలై, నక్క ఏ జాములో వస్తుంది, ఈనే గొర్రెను ఎలా ఎడంగా కడతారు, అన్నీ అడిగాడు. చివరికి బెత్లెహేము గొల్లల కథ చెప్పాడు: రాత్రి కాపలా ఉన్నవాళ్లు కబురు వినగానే ఊళ్లోకి ఉరికారని.

పెద్దాయన మొత్తం విన్నాడు. బీడీ ఆర్పి, “మరి మందను ఎవలికి అప్పజెప్పి పోయిండ్రు?” అన్నాడు.

కుర్రవాడు బైబిలు తీసి ఆ అధ్యాయం మళ్లీ చదివాడు. అందులో లేదు. “అందరు పోరు సారూ. ఎవడో ఒకడు మంద కాడ ఉండే ఉంటడు,” అని పెద్దాయనే తేల్చాడు.

ఆ రాత్రి ప్రసంగమంతా ఆ మిగిలిపోయినవాడి మీదే సాగింది. పెద్దాయన రాలేదు, మంద ఉంది కదా.