వాహనమే వేషం: సుధాకర్ కార్ల కళ — ఒక పరిశీలన

హైదరాబాదులో నెహ్రూ జంతుప్రదర్శనశాలకు సమీపాన, బహదూర్‌పురాలో 2010లో ప్రారంభమైన సుధా కార్ల మ్యూజియం సందర్శకులను మొదట నవ్విస్తుంది, ఆ తరువాత ఆలోచింపజేస్తుంది. చేతిసంచి, మడమజోడు, వంకాయ, క్రికెట్ బ్యాటు, కెమెరా, సోఫా, స్నూకర్ బల్ల, కప్పు-సాసరు, చివరికి మరుగుదొడ్డి పీట సైతం ఇక్కడ చక్రాలు తొడుక్కొని కారు రూపం ధరించాయి. ఇవి కేవలం బొమ్మలు కావు. ఇంజను, గేర్లు, స్టీరింగు కలిగి నిజంగా నడిచే వాహనాలు. వీటి నిర్మాత కన్యబోయిన సుధాకర్ యాదవ్. విద్యార్థి దశలోనే పాత సామానుతో బండ్లు కట్టడం ఆరంభించి, దాన్నే జీవిత వ్యాసంగంగా మలచుకొన్న వ్యక్తి ఆయన. ఆయన కృషిని పత్రికలు వింతగా వర్ణించాయి, రికార్డు గ్రంథాలు కొలిచి నమోదు చేశాయి. కాని దాన్ని కళగా తూచి చూసే ప్రయత్నం మాత్రం అరుదు.

వాహనానికి మరొక రూపం తొడగడం మన సంస్కృతికి కొత్త విషయం కాదు. తిరుమల బ్రహ్మోత్సవాలలో స్వామి శేషుని మీద, హంస మీద, సింహం మీద, గరుడుని మీద, కల్పవృక్షం మీద ఊరేగుతాడు. అక్కడ వాహనం ప్రయాణ సాధనం మాత్రమే కాదు. ప్రతి రూపానికీ ఒక భావం ఉంది, ఆ భావాన్ని చదవగల ప్రేక్షకులున్నారు. మోటారు యుగంలో ఈ ధోరణి సంపన్నుల చేతిలోకి వెళ్ళింది. 1910లో కలకత్తాలోని ఒక ఆంగ్లేయ ధనికుని కోసం ఇంగ్లండులోని బ్రూక్ సంస్థ హంసాకారంలో కారు నిర్మించింది. ఆ హంస ముక్కు నుంచి వేడినీటిని చిమ్మి దారి చేసుకొనేదట. నేడది నెదర్లాండ్స్‌లోని హేగ్ నగరపు లౌమాన్ మ్యూజియంలో ఉంది. హైదరాబాదు ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ కోరగా లండన్‌లో బార్కర్ సంస్థ సింహాసనం అమర్చి కట్టిన పసుపుపచ్చని రోల్స్‌రాయిస్ ఆయన మరణానంతరం నగరం చేరింది. ఈ రెండింటా ఊహ ఒకరిది, ధనమూ వారిదే. కట్టిన చేతులు మాత్రం అజ్ఞాతం. సుధాకర్ విషయంలో ఊహ, శ్రమ, పేరు మూడూ ఒకే వ్యక్తిలో కలిశాయి. ఈ సంప్రదాయానికి ఆయన చేసిన ముఖ్యమైన చేర్పు ఇదే.

ఈ కృషి ప్రత్యేకతను గుర్తించడానికి అమెరికా ప్రదర్శన కార్ల చరిత్రతో పోల్చి చూడవచ్చు. అక్కడి నిర్మాతలు కర్మాగారం నుంచి వచ్చిన కారును తీసుకొని, కప్పు దించి, ఒడలు సవరించి, పొరలు పొరలుగా రంగు అద్ది కొత్త రూపమిస్తారు. 1950లో ఓక్లండ్‌లో అత్యంత సుందరమైన రోడ్‌స్టర్‌కు బహుమానం ఏర్పడింది. 1964 నుంచి డెట్రాయిట్‌లో రిడ్లర్ పురస్కారం ఇస్తున్నారు. జార్జ్ బారిస్ 1960లలో ఒక పాత నమూనా కారును సవరించి టెలివిజన్ ధారావాహిక కోసం బ్యాట్‌మాన్ కారును తయారుచేశాడు. ఈ పోటీలలో తీర్పరులు అతుకుల పొందిక, రంగు నునుపు, రేఖల సౌష్ఠవం పరీక్షిస్తారు. అంటే ఆ కళకు ఒక విమర్శనా శాస్త్రం, దాన్ని ప్రయోగించే ఒక సభ ఏర్పడ్డాయి.

హైదరాబాదులో అటువంటి సభ లేదు. ఆ లోటును రికార్డు గ్రంథం పూరించింది. 2005 జూలై 1న సుధాకర్ తాను నిర్మించిన మూడు చక్రాల సైకిలును నగరంలో తొక్కి చూపారు. ఎత్తు 41 అడుగుల 7 అంగుళాలు, పొడవు 37 అడుగుల 4 అంగుళాలు, చక్రం వ్యాసం 17 అడుగులు. గిన్నిస్ గ్రంథం దాన్ని ప్రపంచంలోనే అతి పెద్ద ట్రైసైకిలుగా నమోదు చేసింది. ఇంత ఎత్తున బరువు నిలిపి, మనిషి కాలి బలంతో కదిలించడం సామాన్యమైన నేర్పు కాదు. అయితే రికార్డు గ్రంథం కొలతకు లొంగేదాన్ని మాత్రమే గుర్తిస్తుంది. అతి పెద్దది, అతి చిన్నది అన్న రెండు కొసలే దానికి ముఖ్యం. నడుమ ఉన్న అందం దానికి కనిపించదు. తీర్పరి ఎలాంటివాడో కళ కూడా కొంత అలాంటిదే అవుతుంది. పద్యాల సంఖ్యను బట్టి అవధానాన్ని ప్రశంసించే సభలో ధార పెరుగుతుంది గాని కవిత్వం పెరగదని సాహిత్యాభిమానులకు తెలిసిన విషయమే. సుధాకర్ కృషిలో బృహద్రూపాలకూ, బుల్లి మోటారు సైకిళ్ళకూ లభించిన ప్రాధాన్యం వెనుక ఈ ప్రభావం స్పష్టంగా ఉంది.

ఆయన నిర్మాణాలను స్థూలంగా మూడు తరగతులుగా విభజించవచ్చు. బంతి, బ్యాటు, కలం, పెన్సిలు వంటివి మొదటి తరగతి. వీటిలో వస్తువు పెద్దదయింది, అంతే. పోలిక కుదిరిందన్న ఆనందం కలుగుతుంది, కాని అది క్షణికం. ఆలంకారికులు చక్రబంధ, పద్మబంధాది చిత్రకవిత్వాన్ని గురించి చెప్పిన మాట వీటికి వర్తిస్తుంది. ఆకారం కుదర్చడంలోని శ్రమను మెచ్చుకొంటూనే మమ్మటుడు చిత్రకావ్యాన్ని కిందిమెట్టున నిలిపాడు.

మంచం, సోఫా, స్నూకర్ బల్ల, మరుగుదొడ్డి పీట రెండవ తరగతికి చెందుతాయి. ఇవి స్వభావతః కదలని వస్తువులు. మనిషి కదలిక మాని కూర్చునే, పడుకొనే, ఒంటరిగా ఉండే తావులు. వాటికి ఇంజను బిగించి వీధిలోకి తేవడంతో వస్తు స్వభావానికీ, వాహన ధర్మానికీ మధ్య వైరుద్ధ్యం పుడుతుంది. వికృతమైన వేషం, అస్థానంలోని అలంకారం హాస్యరసానికి విభావాలని భరతుడు చెప్పాడు. నాలుగు గోడల మధ్య ఉండవలసిన పీట నలుగురి నడుమ హారను మోగిస్తూ పోవడం ఆ సూత్రానికి చక్కని ఉదాహరణ. మన పగటివేషగాడు కూడా ఇదే పని చేసేవాడు: లోపలి మనిషిని మరుగుపరచి, వేషంతో వీధిని రంగస్థలం చేసేవాడు. సుధాకర్ ప్రతిభ పూర్తిగా వ్యక్తమయింది ఈ రచనలలోనే.

మూడవ తరగతి సందేశ వాహనాలు. ధూమపానానికి వ్యతిరేకంగా సిగరెట్టు, ఎయిడ్స్ నివారణ ప్రచారానికి కండోము, మహిళా దినోత్సవానికి మడమజోడు, చేతిసంచి వంటివి. వీటి ఉద్దేశం మంచిది, కాని ఫలితం ఒక తీరుగా లేదు. సిగరెట్టు కారు చూసి నవ్విన బాలునికి సిగరెట్టు పట్ల విముఖత కలుగుతుందా, వేడుక కలుగుతుందా అన్నది సందేహాస్పదం. స్త్రీని గౌరవించే రోజున ఆమెకు ప్రతీకగా అలంకరణ సామగ్రినే ఎంచుకోవడమూ చర్చించదగినదే. పక్కనున్న ఫలకం తొలగిస్తే సందేశం నిలవని చోట, ఆ సందేశం రూపంలో లేదన్నమాట. ఇందుకు 2020 ఏప్రిల్‌లో నిర్మించిన కరోనా కారు మినహాయింపు. ఆరు చక్రాలతో, ఒక్కరే కూర్చోగల, 100 సి.సి. ఇంజను గల ఆ గుండ్రని వాహనాన్ని పది రోజులలో తయారుచేశారు. ప్రజలంతా ఇళ్ళకు పరిమితమైన ఆ నెలలో, కంటికి కనిపించని సూక్ష్మక్రిమి ముళ్ళతో సహా మనిషంత ఎత్తై రోడ్డు మీద కదలడమే సందేశం. దానికి ఫలకం అవసరం లేకపోయింది.

ఈ కళకు చట్టం కూడా ఒక హద్దు గీసింది. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ నమోదైన వాహనపు మూల లక్షణాలను మార్చడాన్ని నియంత్రిస్తుంది. ప్రజల భద్రత దృష్ట్యా ఈ నియమం సమంజసమే. కాని దాని పర్యవసానంగా ఇటువంటి నిర్మాణాలకు ప్రదర్శనశాల, అప్పుడప్పుడు జరిగే ప్రత్యేక ప్రదర్శన తప్ప వేరే చోటు లేదు. చలనమే ప్రాణమైన రూపాలు వరుసగా నిలబడి ఉన్నప్పుడు సందర్శకుడు వాటి వేగాన్నీ, తయారీ కాలాన్నీ ఫలకం మీద చదువుకోవలసి వస్తుంది. అందువల్ల సోఫా కారు కూడా కొంతవరకు ఉత్త సోఫాగానే మిగులుతుంది. వాహనాలు నడిచే దృశ్యాలను చిత్రీకరించి పక్కనే చూపగలిగితే ఈ లోపం చాలావరకు తీరుతుంది.

ఇంతకన్న పెద్ద ప్రశ్న ఒకటుంది. చేనేతకు, కొండపల్లి బొమ్మకు, బిద్రీ పనికి మన సాంస్కృతిక వ్యవస్థలో నిర్ణీతమైన స్థానం ఉంది. పాత ఇనుముతో, రేకుతో, విడిచిన ఇంజనుతో పనిచేసే చేతికి అటువంటి స్థానం లేదు. సూరత్‌లో స్థిరపడిన తెలుగు పద్మశాలీల సంగతే చూడవచ్చు. చేతిమగ్గం మీద ఉన్నంతకాలం వారి నేర్పు కళగా మన్నన పొందింది. మరమగ్గం దగ్గరకు చేరగానే అదే నేర్పు కూలిగా లెక్కకు వచ్చింది. మొరాయించిన యంత్రాన్ని చెవితో విని సరిచేసే జ్ఞానం ఏ జాబితాకూ ఎక్కలేదు. యంత్రం ప్రవేశించిన చోట కళ నిష్క్రమిస్తుందన్న అభిప్రాయమే దీనికి మూలం. సుధాకర్ కార్లు ఆ అభిప్రాయాన్ని కాదంటున్నాయి. అవి యంత్రాలే, అయినా ఏ రెండూ ఒకటి కావు. ప్రతిదానిలోనూ చేతి జాడ ఉంది.

ఆయన రచనలన్నీ సమానస్థాయివి కావు. ఆకార సాదృశ్యంతో తృప్తిపడినవి అనేకం, కొలతల మోజుకు లొంగినవి కొన్ని. అయినప్పటికీ, వీధి మెకానిక్కు విద్యలో హాస్యరసానికి చోటుందని రుజువు చేసిన ఘనత ఆయనది. రికార్డు గ్రంథం తన పని తాను చేసింది. ఆ ట్రైసైకిలు ఎన్ని అడుగులో లోకానికి తెలుసు. ఆ కార్లలో ఏది మంచి కళ, ఎందుకు మంచిది అని తేల్చవలసిన బాధ్యత విమర్శకులదీ, కళాసంస్థలదీ.