మూడుతో గుణించు, ఐదుతో సరిచూడు

ఢిల్లీ నుంచి వస్తున్న విమానం 35 వేల అడుగుల ఎత్తులో ఉంది. శంషాబాద్ విమానాశ్రయం సముద్రమట్టానికి దాదాపు 2 వేల అడుగుల ఎత్తున ఉంది. రన్‌వే ఇంకా ఎన్ని మైళ్లుందనగా దిగడం మొదలుపెట్టాలి? విమానసంస్థల పైలట్ ఎంపికలకు తయారయ్యేవాళ్లు ఈ తరహా ప్రశ్నకు సిద్ధపడి ఉండాల్సిందే. సాధన ఉన్నవాళ్లు కాగితం, కాల్‌క్యులేటర్ అడగకుండానే చెప్పేస్తారు: దిగాల్సింది 33 వేలు, 33 మూళ్లు 99, వేగం తగ్గించుకోవడానికి ఇంకో పది, అంటే 110 మైళ్ల దగ్గర.

విమానంలోని కంప్యూటర్ ఈ లెక్కను గాలినీ బరువునూ కలుపుకొని ఇంతకంటే నిక్కచ్చిగా చేస్తుంది. అయినా కెప్టెన్లు పక్క సీట్లోని కొత్తవాళ్లకు ఈ నోటిలెక్కలు నేర్పుతూనే ఉన్నారు. కంప్యూటర్ ఇచ్చిన జవాబును నమ్మాలో వద్దో తేల్చుకోవాలంటే మనిషి దగ్గర సొంత అంకె ఒకటి ఉండాలి. అది ఉరామరిగా ఉన్నా ఫరవాలేదు, తెర మీద అంకె కనిపించేలోపే మనసులో ఉండాలి. పరీక్షలో లెక్కల భాగాన్ని దాటేసి మరిచిపోవలసిన అడ్డంకిగా చూసే పిల్లలకు ఈ సంగతి మొదటి రోజే చెప్పాలని నా పట్టుదల.

ఇంతకూ మూడుతోనే ఎందుకు గుణించాలి? ప్రయాణికుల విమానాలు రన్‌వే మీదికి దిగే దారి మామూలుగా నేలతో 3 డిగ్రీల కోణంలో ఉంటుంది. త్రికోణమితి పట్టికలు తిరగేసే తీరిక లేని పాత నావిగేటర్లు కోణాలను మైళ్లలోకి మార్చడానికి ఒక సూత్రం పెట్టుకున్నారు: 60 మైళ్లు పోయేసరికి 1 డిగ్రీ తేడా 1 మైలు తేడా అవుతుంది. నిజానికి అది 57.3 మైళ్ల దగ్గరే అవుతుంది. కానీ 60ని రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు, పది, పన్నెండు దేనితోనైనా శేషం లేకుండా భాగించవచ్చు, గంటకు నిమిషాలూ అన్నే. అందుకని 60నే పట్టుకున్నారు. 3 డిగ్రీలంటే 60కి 3, అంటే దూరంలో ఇరవయ్యో వంతు. విమానయానంలో మైలంటే నాటికల్ మైలు, 1,852 మీటర్లు, 6,076 అడుగులు. అందులో ఇరవయ్యో వంతు 300 అడుగుల పైచిలుకు. మైలుకు 300 అడుగులు దిగుతున్నామంటే వెయ్యి అడుగులు దిగడానికి మూడు మైళ్లు కావాలి. మూడు అలా వచ్చింది.

ఐదు కూడా ఇందులోంచి పుట్టిందే. నాట్లంటే గంటకు నడిచే నాటికల్ మైళ్లు. 60తో భాగిస్తే నిమిషానికి ఎన్ని మైళ్లో తెలుస్తుంది, మైలుకు 300 అడుగులని ముందే తేలింది, 300ను 60తో భాగిస్తే 5. కాబట్టి 140 నాట్లతో రన్‌వే వైపు వచ్చే విమానం నిమిషానికి 140 ఐదులు, 700 అడుగులు దిగాలి. ఐదుతో గుణించడం బరువనిపిస్తే సగం చేసి సున్నా చేర్చడమే. త్రికోణమితి ప్రకారం మైలుకు 318 అడుగులు కాబట్టి అసలు జవాబు 740 దాకా ఉంటుంది. అంటే ఈ పద్ధతి ఎప్పుడూ కాస్త తక్కువే చెబుతుంది. ఎటు తప్పుతుందో, ఎంత తప్పుతుందో తెలిసిన లెక్క కనకనే అది పనికొస్తుంది.

అభ్యర్థులు తరచుగా జారిపోయే చోటు ఒకటుంది. గుణించాల్సింది నేలమీద నడిచే వేగాన్ని, అంటే గ్రౌండ్ స్పీడ్‌ను. గాలిలో 140 నాట్లుండి 20 నాట్ల ఎదురుగాలి వీస్తుంటే గ్రౌండ్ స్పీడ్ 120, దిగాల్సింది నిమిషానికి 600 అడుగులే. గాలి వెనక నుంచి తోస్తుంటే 160, అప్పుడు 800. కోణం మారినా ఇదే పద్ధతి నడుస్తుంది. లండన్ సిటీ విమానాశ్రయంలో దిగే దారి 5.5 డిగ్రీలు. డిగ్రీకి వంద చొప్పున మైలుకు 550 అడుగులు, 120 నాట్లంటే నిమిషానికి రెండు మైళ్లు, వెరసి 1,100. మామూలు విమానాశ్రయాల్లో, వెయ్యి అడుగుల ఎత్తుకు వచ్చాక కూడా నిమిషానికి వెయ్యి అడుగులకు మించి దిగుతున్న విమానాన్ని స్థిరంగా లేనట్టే లెక్కవేసి మళ్లీ పైకి లేపమంటారు. లండన్ సిటీకి వెళ్లే విమానాలకూ పైలట్లకూ ప్రత్యేక అనుమతి ఎందుకో ఈ ఒక్క గుణకారంతో అర్థమవుతుంది.

2010 మే 22 ఉదయం దుబాయ్ నుంచి మంగళూరు వచ్చిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం కథ తలచుకుంటే మూడుతో గుణించడం ఎంత బరువైన పనో తెలుస్తుంది. అక్కడి ఏరియా రాడార్ పనిచేయడం లేదు. 130 మైళ్ల దూరంలో దిగడానికి అడిగితే కంట్రోలర్ ఇంకా దగ్గరికి రమ్మన్నాడు. 37 వేల అడుగుల నుంచి దిగడం మొదలయ్యేసరికి సుమారు 77 మైళ్లే మిగిలాయి. 37 మూళ్లు 111. పది కలపకముందే 34 మైళ్లు తక్కువపడ్డాయి. ఆ లోటును పూడ్చే మార్గాలు లేకపోలేదు: స్పీడ్‌బ్రేక్ ఎత్తొచ్చు, చక్రాలు ముందే దించొచ్చు, ఒక చుట్టు తిరిగి వస్తానని అడగొచ్చు. ముందు లోటుందని తెలియాలి, తెలిసినవాడు దాన్ని పైకి అనాలి. విమానం రన్‌వే దగ్గరపడేసరికి ఉండాల్సిన ఎత్తుకు దాదాపు రెట్టింపు ఎత్తులో ఉంది. మళ్లీ పైకి వెళ్దామని కో-పైలట్ అన్నాడు. కెప్టెన్ దిగడానికే సిద్ధపడ్డాడు. 8 వేల అడుగుల రన్‌వేలో 5,200 అడుగులు దాటాక చక్రాలు నేలను తాకాయి. గుట్టమీది ఆ రన్‌వే చివర దాటి విమానం లోయలోకి పోయింది. 166 మందిలో 158 మంది మరణించారు. కెప్టెన్ ప్రయాణంలో చాలాసేపు నిద్రపోయాడనీ, స్థిరంగా లేని దిగుబాటును ఆపకపోవడమే ప్రత్యక్ష కారణమనీ విచారణ సంఘం తేల్చింది. ఆలస్యంగా మొదలైన దిగుబాటు ఒక్కటే ఇంత పని చేయలేదు. కానీ ఆ ఉదయం కథ మొదలైంది ఆ 34 మైళ్ల దగ్గరే.

ఐదు విలువ చెప్పే సంఘటన ఫ్రాన్స్‌లో జరిగింది. 1992 జనవరి 20న లియోన్ నుంచి స్ట్రాస్‌బర్గ్ వస్తున్న ఎయిర్ ఇంటర్ ఎయిర్‌బస్ ఎ320 సెయింట్ ఒడిల్ కొండను ఢీకొంది. 96 మందిలో 87 మంది పోయారు. విమానం నిమిషానికి 3,300 అడుగుల రేటున దిగుతూ వచ్చింది. దర్యాప్తు బృందం బలంగా అనుమానించిన సంగతి ఇది: పైలట్లు 3.3 డిగ్రీల కోణం పెట్టామనుకున్నారు, ఆటోపైలట్ మాత్రం నిమిషానికి ఇన్ని అడుగులనే పద్ధతిలో ఉండిపోయింది, తెర మీద రెండు పద్ధతుల్లోనూ 33 లాంటి అంకెలే. 3.3 డిగ్రీలకు దిగే రేటు ఎంతుండాలని ఒకసారి మనసులో అనుకుంటే 800 చుట్టుపక్కల వస్తుంది. ముల్లు చూపింది దానికి నాలుగింతలు. తర్వాత ఎయిర్‌బస్ తెర మీద దిగే రేటును నాలుగంకెల్లో చూపేలా మార్చింది.

ఇదే లెక్క తిరగేస్తే ప్రాణాలు దక్కిన సందర్భమూ ఉంది. 1983 జూలై 23న ఎయిర్ కెనడా బోయింగ్ 767 ఒకటి 41 వేల అడుగుల ఎత్తులో ఉండగా ఇంధనం అడుగంటి, కాసేపటికి మూగబోయింది. పౌండ్లకూ కిలోలకూ మధ్య లెక్క తప్పడం వల్లనే ఇంధనం చాల్లేదు. ఇంజిన్లు రెండూ ఆగిన ఆ విమానం ఎంత దూరం జారగలదో చెప్పే పుస్తకం కాక్‌పిట్‌లో లేదు. కో-పైలట్ మారిస్ క్వింటాల్ ఎత్తును ఆల్టిమీటర్‌లో చూస్తూ, దూరాన్ని విన్నిపెగ్ కంట్రోలర్లను అడుగుతూ పోయాడు. 10 మైళ్లలో 5 వేల అడుగులు తగ్గాయి. మైలుకు 500. ఇక 10 వేల అడుగుల ఎత్తుంటే 20 మైళ్లే పోగలరు. ఆ లెక్కన విన్నిపెగ్ అందదని తేల్చుకొని, మూతపడ్డ గిమ్లీ సైనిక స్థావరం వైపు మళ్లారు. కెప్టెన్ బాబ్ పియర్సన్‌కు గ్లైడర్ నడిపిన అనుభవం ఉంది. విమానంలోని 69 మందీ బతికారు.

ఇక తయారీ సంగతి. ఫుర్సత్‌గంజ్‌లోని ఇందిరాగాంధీ రాష్ట్రీయ ఉడాన్ అకాడమీలో చేరడానికైనా, 200 గంటలు ఎగిరి డీజీసీఏ లైసెన్సు చేతికొచ్చాక విమానసంస్థలో చేరడానికైనా, ఆప్టిట్యూడ్ పరీక్షలు తప్పవు. ఒక చేత్తో జాయ్‌స్టిక్ పట్టి తెర మీద పారిపోయే చుక్కను గడిలో నిలబెట్టాలి, చెవిలో అంకెలు వినబడుతుంటాయి, మధ్యలో లెక్క వస్తుంది. చేతులు, చెవులు పనిలో ఉన్నప్పుడు కూడా లెక్క బుర్రలో నడుస్తుందా అన్నదే అక్కడ చూస్తారు. పాత ప్రశ్నల కట్టలు బట్టీ పట్టించే శిక్షణ నాకు నచ్చదు. అంకె మారగానే అది చేతులెత్తేస్తుంది.

మొదట నిమిషాల ఎక్కం నోటికి రావాలి: 120కి 2, 180కి 3, 240కి 4, 300కి 5, 360కి 6, 420కి 7, 480కి 8. మధ్యలో పడేవి, అంటే 450కి ఏడున్నర, 135కి రెండుంపావు, కూడా తడుముకోకుండా రావాలి. మన వీధిబడుల్లో పావు, అర, ముప్పావు ఎక్కాలు వల్లెవేయించేవారు. అదే పద్ధతి ఇక్కడా సరిపోతుంది. రోజూ కాసేపు చాలు, కానీ బల్ల ముందు కూర్చుని చేయొద్దు. నడుస్తూ, మెట్లెక్కుతూ, కూరగాయలు తరుగుతూ పైకి చెబుతూ చేయాలి. ప్రతి లెక్కకూ ముందు ఉరామరి జవాబు చెప్పి, తర్వాతే అసలు జవాబుకు వెళ్లాలి.

ఒక ప్రశ్న తీసుకుందాం. విమానం 24 వేల అడుగుల ఎత్తులో, విమానాశ్రయానికి 66 మైళ్ల దూరంలో, 360 నాట్ల గ్రౌండ్ స్పీడ్‌తో ఉంది. 30 మైళ్ల దగ్గర 10 వేల అడుగులకు రమ్మని కంట్రోలర్ అన్నాడు. నేరుగా భాగహారానికి దిగే అభ్యర్థి జవాబు సరిగ్గానే తెస్తాడు. బాగా తయారైన అమ్మాయి ఇలా మొదలుపెడుతుంది: "దిగాల్సింది 14 వేలు, 14 మూళ్లు 42 మైళ్లు కావాలి, ఉన్నవి 36. మామూలు కంటే నిటారుగా దిగాలి. 360 ఐదులు 1,800, కాబట్టి జవాబు అంతకంటే ఎక్కువే రావాలి." ఆ తర్వాత లెక్క: నిమిషానికి 6 మైళ్లు, 36 మైళ్లకు 6 నిమిషాలు, 14 వేలను ఆరుతో భాగిస్తే 2,333. "2,400 పెడతాను. పది వేల అడుగుల దిగువన సాధారణంగా 250 నాట్లు మించకూడదు, అక్కడికి వచ్చేసరికి వేగం తగ్గాలి కాబట్టి స్పీడ్‌బ్రేక్ కూడా ఇప్పుడే ఎత్తుతాను, కుదరకపోతే కంట్రోలర్‌కు ముందుగానే చెబుతాను" అని ముగిస్తుంది. పరీక్షకుడు వెంటనే 40 నాట్ల గాలి వెనక నుంచి వస్తోందని చెప్పి, మళ్లీ చేయమంటాడు.