ఏడో ఏట తెరుచుకునే కంచె

జెరూసలేంలో కొన్ని ఇళ్ల వంటగదుల్లో ఏడేళ్లకోసారి చెత్తబుట్ట పక్కన ఇంకో డబ్బా చేరుతుంది. యాపిల్ తొక్కలు, తినగా మిగిలిన క్యారెట్ ముక్కలు అందులో పడతాయి. అవి కుళ్లి, తిండికి పనికిరాకుండా పోయాకే చెత్తలో వేస్తారు. ఆ ఏటి పంట పవిత్రం, తినదగ్గదాన్ని చేతులారా పాడుచేయకూడదని నియమం. ఆ ఏడాదికి హీబ్రూలో 'ష్మిటా' అని పేరు. తెలుగు బైబిలు చదివినవాళ్లకు లేవీయకాండం 25వ అధ్యాయంలోని విశ్రాంతి సంవత్సరంగా తెలిసిందే.

హీబ్రూలో మనిషి 'ఆదాం', నేల 'అదామా'. ఆదికాండం మొదటి అధ్యాయం భూమిని ఏలుకోమంటుంది. రెండో అధ్యాయం తోటను సాగుచేసి కాపాడమంటుంది. ఈ రెంటికీ పొత్తు ఎలా కుదరాలన్నది యూదు మతగురువులైన రబ్బీలు చాలావరకు పొలం గట్టు మీదే తేల్చారు.

ఆరేళ్లు సేద్యం. ఏడో ఏడు విత్తకూడదు, ద్రాక్షతీగలు కత్తిరించకూడదు. చెట్టు చచ్చిపోయేలా ఉంటే నీళ్లు పెట్టొచ్చు, ఇంకా బాగా కాయాలని మాత్రం పోషించకూడదు. భూస్వామి దేవుడు, రైతు కౌలుదారు. కనుక ఆ ఏడు పంటకు యజమాని ఉండడు. పేదవాడు, పరదేశి, అడవి మృగం సైతం వచ్చి తినొచ్చు. నాకు అన్నిటికంటే ముచ్చటేసేది 'బియూర్' అనే నియమం. ఒక రకం పంట పొలాల్లో మృగాలకు దొరకడం ఆగిపోయిందంటే, ఇంట్లో దాచుకున్నదాన్ని కూడా బయటపెట్టి, ఎవరైనా తీసుకోవచ్చని చాటాలి. మనిషికి మూడు పూటల తిండి అట్టేపెట్టుకోవచ్చని యూదుల ప్రాచీన ధర్మసంహిత మిష్నా కాస్త వెసులుబాటు ఇచ్చింది. అడవిలో నక్కకు లేని ద్రాక్ష మన గాదెలో ఉండకూడదన్నమాట!

మనుషులు మనుషులే. దొంగచాటుగా విత్తి, అవే మొలిచాయని బుకాయించేవాళ్లు బయల్దేరేసరికి, నిజంగా వాటంతటవే మొలిచిన కూరలు కూడా తినొద్దని రబ్బీలు కట్టడి చేశారు. 1889లో ఇంకో చిక్కు. ఒట్టోమన్ పాలనలోని పాలస్తీనాలో కొత్తగా సాగుకు దిగిన యూదు రైతులు ఒక్క ఏడు బీడు పెడితే పస్తులే. భూమిని కాగితం మీద యూదేతరుడికి అమ్మి సాగు కొనసాగించే 'హెతెర్ మెఖిరా' అలా ఆచరణలోకి వచ్చింది. 1909-10 ష్మిటాలో రబ్బీ అబ్రహాం ఐజాక్ కూక్ దాన్ని గట్టిగా సమర్థించారు. ఒప్పుకోనివాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వాళ్లలో కొందరు పండ్లను మతన్యాయస్థానం అజమాయిషీలో పంచుతారు. పండుకు వెల ఉండదు, కోతకూలి, రవాణా ఖర్చులే వసూలు చేస్తారు.

ఇవన్నీ దొడ్డిదారులని కొట్టిపారేయబుద్ధి కాదు నాకు. ఉత్తుత్తి అమ్మకానికైనా సంతకం పెట్టేవాడు, ఈ నేల నాదేనా అన్న ప్రశ్న ముందు ఒక్క క్షణం నిలబడక తప్పదు. రైతును పస్తుపెట్టే ధర్మాన్ని ఎవరు మాత్రం ఎన్నాళ్లు మోస్తారు?

ష్మిటా సేద్యపు నియమాలు ఇజ్రాయెల్ నేలకే పరిమితం. చెదిరిపోయిన యూదుల వెంట దేశదేశాలకూ నడిచింది మాత్రం 'బాల్ తష్‌హిత్', అంటే వృథాగా దేన్నీ నాశనం చేయకూడదన్న నియమం. శత్రువు కోటను ముట్టడించినప్పుడు కూడా పండ్లచెట్టు నరకొద్దన్న ద్వితీయోపదేశకాండపు ఆజ్ఞ దాని మూలం. 12వ శతాబ్దంలో యూదు ధర్మవేత్త మైమోనిడీస్ అదే పద్దులో గిన్నెలు పగలగొట్టడం, బట్టలు చింపడం, ఊటను పూడ్చడం, తిండి పాడుచేయడం చేర్చారు.

గత ష్మిటా 2022 సెప్టెంబరులో ముగిసింది. వచ్చేది 2028 సెప్టెంబరులో, యూదుల కొత్త సంవత్సరం రోష్ హషానాతో మొదలవుతుంది.