దిద్దని చెయ్యి

పాత రాతప్రతులు సరిచూసే పనిలో దిగినవాళ్లెవరైనా సి.పి. బ్రౌన్ దగ్గరికి పోక తప్పదు. 1820లో కడపకు ఉద్యోగానికొచ్చిన ఈ దొర తర్వాత అక్కడే బంగళా కొని, సొంత డబ్బుతో పండితులను పెట్టుకుని తాళపత్రాలకు సాపు ప్రతులు రాయించాడు. ఒకే కావ్యానికి దొరికినన్ని ప్రతులు తెప్పించి, పాఠభేదాలు గుర్తుపెట్టించి, ఏది నిలుస్తుందో పండితులతో తేల్పించేవాడు. 1884 డిసెంబరు 12న లండన్‌లో పోయేనాటికి నిఘంటువూ వేమన పద్యాలూ ఆయన పేరుతో ముడిపడిపోయాయి.

మా అనంతపురానికి ఆయన చేసిన మేలు మాత్రం ఎవరూ పెద్దగా ఎత్తరు. ఇక్కడ ఏలిన హండె పాలెగాళ్ల కథ చెప్పే ‘రాజుల యుద్ధములు’ సుమారు 1750-1810 మధ్య తెలుగులో రాసిన వృత్తాంతం. దాన్ని బ్రౌన్ ఇంగ్లీషు చేసి 1853లో మద్రాసులో అచ్చువేయించాడు.

తాటాకు మీద మాటకూ మాటకూ ఎడముండదు. పద్యమైతే యతిప్రాసలు కాపలా కాస్తాయి, లేఖకుడు ఒక్క అక్షరం మింగినా దొరికిపోతాడు. వచనానికి ఆ కాపలా లేదు. పైగా ‘రాజుల యుద్ధములు’ నోటిమాటకు దగ్గరగా నడిచే వచనం. వ్యాకరణం చదివిన పండితుడి చేతికిస్తే ఊరుకుంటాడా? గ్రాంథికంలోకి మారిపోకుండా అది మిగలడమే నాకు విశేషం. తెలుగు నేర్చుకునే దొరలకు వాడుకమాట తెలియాలన్నది బ్రౌన్ పట్టు. లాభం మనకు దక్కింది.

నేను చేసేది చిన్న పని. ముసలివాళ్లు చెప్పే చెరువు కథలు ఫోన్‌లో రికార్డు చేసి, రాత్రిపూట ఎత్తిరాసుకుంటాను. కళ్యాణదుర్గం వైపు ఒక అవ్వ “చెరువు మరవ పారి ఎన్నాళ్లయిండాదో నాయనా” అంది. టైపు చేస్తుంటే వేళ్లు “ఎన్నాళ్లయిందో” వైపే లాగుతాయి. అలా దిద్దితే ఆ మాట ఏ సీమదో తెలియకుండా పోతుంది. అట్లని చెప్పిందంతా కళ్లు మూసుకుని నమ్మనక్కర్లేదు. ధాత కరువును తన కళ్లతో చూసినట్టే చెప్పుకొచ్చింది. అదొచ్చింది 1876లో, ఆమె జేజమ్మ చెప్పగా విన్నదై ఉండాలి. ఆ సంగతి మార్జిన్‌లో పెన్సిలుతో రాస్తాను, అవ్వ మాట జోలికి పోను.

ఈ కాలమ్‌తో పాటు ప్రూఫులు చూసే మిత్రుడికి ఒక చీటీ కూడా పంపుతున్నాను: “అయిండాది” అచ్చుతప్పు కాదు, దయచేసి ముట్టుకోవద్దు.