మట్టి ఉండ

పంగలకర్రను అందరూ మెచ్చుకుంటారు, దాని తోలులో కూర్చునే మట్టి ఉండను ఎవరూ పట్టించుకోరు. నా లెక్కలో పనితనమంతా అక్కడే ఉంది. చెరువు మట్టిలో రాళ్లూ వేళ్లూ ఏరేసి, చపాతీ పిండిలా చేతికి అంటనంతవరకు పిసికి, గోలీకాయంత ఉండలు చుట్టి నీడన ఆరబెట్టాలి. ఎండలో పెడితే పైపొర ముందే బిగుసుకుంటుంది, లోపలి తడి ఆరేసరికి ఉండ నెర్రెలిస్తుంది. వంకరటింకర రాయి గాలిలో దారి తప్పుతుంది, గుండ్రటి ఉండ గురి చూసిన వైపే పోతుంది. మంచె మీద కాపలా ఉన్నవాడికి చిలకల్ని చంపే పని లేదు, జొన్న కంకుల మీంచి లేపితే చాలు. గట్టు మీది తుమ్మ మొద్దుకు తగిలి ఉండ ఫట్‌మని పొడైపోతుంది, గుంపంతా ఒక్కసారిగా లేస్తుంది. పిల్లలు గురి నేర్చుకునేదీ వీటితోనే: పాత గోడ మీద సున్నంతో చుట్టిన గుండ్రం, ఎక్కడ తగిలిందో చెప్పే మట్టి మరక. మనిషి వైపు ఎక్కుపెడితే మాత్రం వీపు విమానం మోతే, కంటికి రాయైనా మట్టి ఉండైనా ఒకటే.