గొలుసూ, పట్టకారూ

పండగ ఖర్చు మీద వచ్చిన కథల్లో నాకు ఎప్పుడూ జంటగా గుర్తొచ్చేవి రెండు. ఓ. హెన్రీ రాసిన ‘ది గిఫ్ట్ ఆఫ్ ది మేజై’ 1905 డిసెంబరులో న్యూయార్క్ పత్రికలో వచ్చింది. ప్రేమ్‌చంద్ ‘ఈద్గాహ్’ 1933 నాటిది. రెండింటిలోనూ రచయిత దాపరికం లేకుండా చిల్లర లెక్క మన ముందు పెడతాడు. తెల్లవారితే క్రిస్మస్ అనగా ఓ. హెన్రీ కథలోని డెల్లా చేతిలో ఉన్నది 1 డాలరు 87 సెంట్లు. ప్రేమ్‌చంద్ కథలో రంజాన్ పండగనాడు హమీద్ అనే పిల్లవాడి జేబులో ఉన్నవి 3 పైసలు. అవి అణాకు నాలుగు పైసల రోజులు. నాయనమ్మ అమీనా బట్టలు కుట్టి సంపాదించిన ఎనిమిదణాలు ఈ పండగకని దాచుకుంటే, పాలామె వచ్చి నెత్తిన కూర్చుంది. చివరికి మిగిలింది రెండణాలు. మనవడికి మూడు పైసలు ఇచ్చి అయిదు తన దగ్గర ఉంచుకుంది.

లెక్క ప్రకారం ఇద్దరూ దుబారా మనుషులే. హమీద్ చేతిలో ఉన్నదంతా నాయనమ్మకు పట్టకారు కొనడానికి ఖర్చుపెట్టి వచ్చాడు. డెల్లా ఇంకా ముందుకెళ్లి జుట్టు 20 డాలర్లకు అమ్మి, 21 డాలర్లు పెట్టి భర్త జిమ్ గడియారానికి ప్లాటినం గొలుసు కొంది. జిమ్ జీతం వారానికి 30 డాలర్ల నుంచి 20కి పడిపోయింది. అందులో 8 ఇంటద్దెకే పోతాయి. ఒక వారం జీతం కన్నా ఎక్కువైన గొలుసన్నమాట. హమీద్‌ను పొదుపరి పిల్లవాడిగా బడిలో పాఠం చెబుతారు గాని, వాడు ఒక్క పైసా కూడా వెనక్కి తేలేదు.

అసలు తేడా ఎంత పెట్టారన్న దగ్గర లేదు, దేన్ని చూసి పెట్టారన్న దగ్గర ఉంది. జిమ్‌కు కొత్త ఓవర్‌కోటు కావాలి, చేతులకు గ్లోవ్స్ లేవు. ఈ మాట ఓ. హెన్రీయే చెబుతాడు, అదీ డిసెంబరు చలిలో ఆ మనిషి గుమ్మంలోకి అడుగుపెట్టిన క్షణంలో. డెల్లా మాత్రం ఊరంతా గాలించి గడియారానికి తగిన వస్తువు తెచ్చింది. తోలు పట్టీ కట్టిన గడియారాన్ని జిమ్ నలుగురిలో చాటుగా తీసి చూసుకోవడం ఆమె కనిపెట్టింది. భర్త నామోషీని భార్య పసిగట్టడం తక్కువ ప్రేమేమీ కాదు. కానీ ఆమె కన్ను నామోషీ దగ్గర ఆగింది. చేతుల దాకా రాలేదు. జిమ్ కూడా అంతే. బ్రాడ్‌వే దుకాణం అద్దాల వెనక ఆమె ఎన్నాళ్లుగానో చూసి ఆశపడ్డ దువ్వెనలే తెచ్చాడు. నాలుగైదేళ్ల హమీద్ చూసింది పెనం మీంచి రొట్టెలు తీసేటప్పుడు కాలే నాయనమ్మ వేళ్లను. పండగకు చీరలూ ఫ్రిజ్‌లూ వాయిదాల్లో కొనుక్కునే మనం ఎవరి పక్షమో చెప్పక్కర్లేదు.

సంత రాసిన తీరులో ప్రేమ్‌చంద్‌దే పైచేయి. డెల్లా రెండు గంటలు దుకాణాలు తిరగడాన్ని ఓ. హెన్రీ ఒకటి రెండు వాక్యాల్లో దాటేశాడు. ఆయనకు చివరి మలుపు మీదే ధ్యాస. ‘ఈద్గాహ్’లో రంగులరాట్నం ఉంది, సిపాయి, భిస్తీ, వకీలు బొమ్మలున్నాయి, మిఠాయిలున్నాయి. పన్నెండు, పదిహేను పైసలున్న నేస్తాల మధ్య మూడు పైసల వాడు నడుస్తుంటాడు. మట్టిబొమ్మలు కింద పడితే ముక్కలే కదా అని సర్దిచెప్పుకుంటాడు, అయినా ఒక్కసారి చేత్తో పట్టుకుంటే బాగుండునని చెయ్యి చాస్తాడు. ఆశ చంపుకోవడం ఎంత పనో అక్కడ తెలుస్తుంది. పట్టకారుకు ఆరు పైసలంటే, బేరం అయిదుకు దిగితే, గుండె దిటవు చేసుకుని మూడంటాడు. తర్వాత దాన్ని తుపాకీలా భుజాన వేసుకుని, అదే రుస్తుం-ఎ-హింద్ అని వాదించి నేస్తాల నోళ్లు మూయిస్తాడు. ఆ వాదన నిండా లేమి చేయించిన గడుసుదనమే, దాన్ని వివేకమని మెచ్చుకోవడానికి నాకు నోరు రాదు.

పెద్దల అప్పులు కూడా ప్రేమ్‌చంద్ వదల్లేదు. తండ్రులు చౌదరి కాయమ్ అలీ ఇంటికి ఎందుకు పరుగులు పెడుతున్నారో పిల్లలకు తెలియదంటాడు. ఆయన మొహం తిప్పుకుంటే ఈ ఈద్ కాస్తా మొహర్రం అయిపోతుంది. ఆ ఒక్క ముక్కతో పండగ ఊరి మొత్తం వ్యవహారమైపోయింది. న్యూయార్క్ కథలో అద్దె ఇల్లు దాటి లోకం లేదు.

పుచ్చుకున్నవాళ్ల తీరు కూడా పక్కపక్కన పెట్టి చూడాలి. గడియారం అమ్మి దువ్వెనలు కొన్న జిమ్ నవ్వి, కానుకల్ని కొన్నాళ్లు దాచిపెడదామంటాడు. జుట్టు పెరుగుతుంది కాబట్టి దువ్వెనలకు రోజు వస్తుంది. తాత నాటి గడియారం రాదు, గొలుసు పెట్టెలోనే ఉంటుంది. అమీనా అయితే గుండె బాదుకుంటుంది, మధ్యాహ్నం దాకా తినక తాగక తెచ్చింది ఈ ఇనపముక్కా అని తిడుతుంది. వేళ్ల మాట విన్నాకే ఆమె కోపం కన్నీళ్లయ్యింది. ఓ. హెన్రీ తన జంటను అందరికన్నా వివేకులని స్వయంగా మెచ్చుకుని కథ ముగించాడు. లెక్క చెప్పలేని మాట రచయితే చెప్పాల్సి వచ్చింది. ప్రేమ్‌చంద్ కూడా చివర్లో ఆగి, పిల్లవాడు ముసలివాడయ్యాడని, ముసలమ్మ పసిపిల్ల అయిందని వివరిస్తాడు. అది లేకపోయినా కథకు లోటు ఉండేది కాదు. అమీనా తిట్టు చాలు.