ఓదార్పు వేరు, చికిత్స వేరు

మా చాగలమర్రిలో ఎవరైనా దిగులుగా కూర్చుంటే సలహాలకు కొదవుండదు. ‘ఊరికే ఆలోచన చేసి మనసు పాడు చేసుకోవద్దు’ అని ఒకరంటారు. ‘అహోబిలం పోయి స్వామిని చూసి రాపో’ అని ఇంకొకరు. వాళ్ల ప్రేమను శంకించను. కానీ రెండు వారాలు దాటినా నిద్ర, ఆకలి, పని మీద ఆశ తిరిగి రానివాడికి ఆ మాటలు ఎక్కవు. మాటతో చేసే చికిత్సలో చెప్పడం తక్కువ, అడగడం ఎక్కువ. దాని పద్ధతుల గురించి చదివినప్పుడల్లా నేనొక కౌలు రైతును ఊహించుకుంటాను. పంట పోయింది, అప్పు మిగిలింది, అన్నతో మాటలు లేవు, చేను వైపు పోవడమే మానేశాడు.

అమెరికా మనోవైద్యుడు ఆరన్ బెక్ 1960లలో రూపుదిద్దిన కాగ్నిటివ్ థెరపీ, ‘నేను దేనికీ పనికిరాను’ అనే ఆ రైతు ఆలోచనను పట్టుకుంటుంది. దానికి సాక్ష్యం ఉందో, లేదో అతనిచేతే తేల్పిస్తుంది. బిహేవియరల్ యాక్టివేషన్ ఆలోచనల జోలికి పెద్దగా పోదు. మనసు బాగయ్యాక లేద్దామని చూస్తే లేవడమే ఉండదు కాబట్టి, రేపు పొద్దున చేను గట్టు దాకా నడక, ఎల్లుండి టీ అంగడి దగ్గర స్నేహితుడితో పావుగంట అని అతనితో కలిసి రాసుకుంటుంది. క్లెర్మన్, వైస్‌మన్ 1970లలో రూపొందించిన ఇంటర్‌పర్సనల్ థెరపీ అన్నదమ్ముల తగాదా దగ్గర మొదలవుతుంది. అయినవాళ్ల చావు, ఒంటరితనం, బతుకులో పెద్ద మార్పు కూడా దాని లెక్కలోకే వస్తాయి. ప్రాబ్లమ్ సాల్వింగ్ పద్ధతి, అప్పు విషయంలో ఈ వారం చేయగలిగింది ఏదో చూస్తుంది.

ఆలోచన మారితే చాలనేవాళ్లతో నాకు పేచీ ఉంది. అప్పు తలలో లేదు, బ్యాంకులో ఉంది. నిజమైన కష్టాన్ని తప్పుడు ఆలోచన అంటే మనిషిని అవమానించినట్టే. మంచి థెరపిస్టు ఆ రెంటినీ విడదీస్తాడు. ‘అప్పుంది’ అన్నది నిజం. ‘కాబట్టి నా బతుకు వ్యర్థం’ అన్నది దిగులు పలికించే మాట.

ఏది మేలు? ఈ పద్ధతులను పోల్చిన పరిశోధనల్లో వీటి మధ్య పెద్ద తేడా కనిపించలేదు. మనలాంటి ఊళ్లకు అసలు ప్రశ్న, చేసేదెవరన్నది. గోవాలో మనోవైద్యుడు విక్రమ్ పటేల్ బృందం మానసిక వైద్యం చదవని స్థానికులకు శిక్షణనిచ్చి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో 6 నుంచి 8 సార్లు బిహేవియరల్ యాక్టివేషన్ చేయించింది. 2016 చివర్లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన ఫలితాల ప్రకారం మూడు నెలలకు ఈ చికిత్స పొందినవాళ్లలో 64 శాతం మంది కోలుకున్నారు. మామూలు వైద్యమే అందినవాళ్లలో ఆ సంఖ్య 39 శాతం. ఉగాండా పల్లెల్లో ఇంటర్‌పర్సనల్ థెరపీని గుంపుగా కూర్చోబెట్టి చేసినా ఫలించింది.

అందుకే నా ఓటు బిహేవియరల్ యాక్టివేషన్‌కు. నేర్పడం సులువు, వారం వారం కలిసే మనిషి ఊళ్లోనే దొరుకుతాడు. భర్త పోయిన దుఃఖంలోంచి తేరుకోలేని ఆడమనిషికైతే ఇంటర్‌పర్సనల్ పద్ధతే తగినది. జబ్బు ముదిరితే మాటతో పాటు మందులూ కావాలి. ఈ పని ఆశా కార్యకర్తల నెత్తిన పెట్టలేం, వాళ్లకు ఇప్పటికే పని భారం ఎక్కువ. ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఈ పనికే ఒక మనిషిని జీతమిచ్చి పెట్టాలి.

అంతదాకా ఒక నంబరు రాసిపెట్టుకోండి: ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్, 14416. రాత్రి పగలు పనిచేస్తుంది, ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు. చావాలనిపిస్తోందని మీవాళ్లెవరైనా అంటే మాత్రం ఒంటరిగా వదలొద్దు, వెంటనే ఆసుపత్రికి తీసుకుపోండి.